సూదిమొన

సూది విరిగిన చప్పుడు ఆమెకు కొత్త కాదు. పెళ్లికి ముందు నుంచీ కుట్టుమిషన్ల మధ్య బతికిన మనిషికి అది పక్కింటివాళ్ల దగ్గులాంటిది, వినబడుతూనే ఉంటుంది, మన పని మనం చేసుకుంటూనే ఉంటాం. కానీ ఈసారి టక్కుమన్నది చెవికి కాదు, నేరుగా కడుపుకి తగిలింది. కాలు పెడల్ మీదే బిగుసుకుపోయింది, చక్రం ఇంకో అర చుట్టు తిరిగి ఆగింది, సూది పైముక్క బిగింపులో అలాగే ఉంది, నడిమి ముక్క ఇనుప పలక మీద మెరుస్తూ పడి ఉంది, మొన మాత్రం లేదు. లేకపోవడమేమిటి, ఎక్కడో ఉంది. ఎక్కడో అంటే ఎక్కడ, నేల మీదా, మిషన్లో గుడ్డని లాగే పళ్ల సందులోనా, బొంతలోనా? బొంత అన్న మాట దగ్గర ఆలోచన ఆగలేదు, దాన్ని దాటుకుని పారిపోయింది, మళ్లీ తనంతట తనే వెనక్కొచ్చి అక్కడే నిలబడింది. ఇంకో గంటలో ఈ బొంత మీద పసివాణ్ని పడుకోబెట్టాలి. కొడుకు ఇప్పుడే ఫోన్ చేశాడు, అమ్మా, కాగితాలన్నీ అయిపోయాయి, బయల్దేరుతున్నాం, గంటలో ఇంట్లో ఉంటాం అని. నెలలు నిండకుండా పుట్టి, ఇన్ని వారాలు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెరిగిన మనవడు, ఆమె గోడకవతల నిలబడి కిటికీలోంచి చూడడమే తప్ప వేలితోనైనా ముట్టుకోని మనవడు, ఇంటికొస్తున్నాడు. ఆ సంతోషంలోనే, అంచు కుట్టడంలో చివరి మూల ఒక్కటే మిగిలింది కదా అని కాలు గట్టిగా నొక్కింది. ఆ మూలలో పాత జీన్స్ ప్యాంటు పక్కకుట్టు ఉంది. అది నాలుగు పొరల మందం. దాన్ని ముందు సుత్తితో కొట్టి అణచాలి, లావు సూది పెట్టాలి, చక్రం చేత్తో తిప్పుతూ నెమ్మదిగా దాటించాలి. ఈ సంగతి కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకి నోరు నొప్పెట్టేలా చెబుతుంది. తన కాలికి మాత్రం తను చెప్పుకోలేకపోయింది.

ఫ్యాక్టరీలో అయితే సూది విరిగిన మరుక్షణం లైనంతా ఆగిపోయేది. ఎవరి సూది విరిగినా ఆ మనిషి చెయ్యెత్తాలి, ఉన్నచోటే ఉండాలి, గుడ్డని కదపకూడదు. అప్పుడు టేపు పెద్దమ్మ వచ్చేది. చుట్టరికానికి పెద్దమ్మ కాదు, లైను మీద తనిఖీ చేసే మనిషి, టేపు చుట్టని గాజులా మణికట్టుకి తొడుక్కుని తిరిగేది కాబట్టి ఆ పేరు. విరిగిన ముక్కలన్నీ ఏరి, ఒక అట్టముక్క మీద పక్కపక్కన పేర్చి, పైన టేపు అంటించి, కొత్త సూది పక్కన పెట్టి పొడవు చూసేది. సరిపోతే మిషన్లు మళ్లీ గోలపెట్టేవి. సరిపోకపోతే, అది ఎంత ఖరీదైన గౌనైనా, పక్కన పేర్చిన దొంతరతో సహా తీసుకుపోయి చింపి తగలబెట్టించేది. చిన్నపిల్లల బట్టలు కుట్టే లైను అది. సగం సూది దొరకడమంటే ఏమీ దొరకనట్టే అనేది పెద్దమ్మ, అలా అంటున్నప్పుడు ఎవరి ముఖమూ చూసేది కాదు. కొత్తలో తమకంతా నవ్వొచ్చేది, నువ్వుగింజంత ముక్క కోసం ఇంత యాగీ ఏమిటని. తర్వాత్తర్వాత నవ్వు పోయి భయం పట్టుకుంది, భయం పోయి అలవాటైంది, ఫ్యాక్టరీ మూతపడ్డాక అలవాటూ పోయింది. ఇంట్లో మిషన్ పెట్టుకున్నాక ఎన్ని సూదులు విరిగాయో ఆమెకే తెలియదు. సంతలో మూటలుగా కొన్న పాతబట్టలతో కుట్టిన దిండుగలీబులు, కర్టెన్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఎవరి ఇళ్లలోనో హాయిగా పడి ఉన్నాయి, వాటిల్లో ఎన్ని మొనలు దాక్కున్నాయో. ఇప్పుడా ఆలోచన? ఇప్పుడెందుకు? ఇప్పుడు ఈ ఒక్క మొన చాలు.

తలుపు గడియ పెట్టింది, ఇంట్లో ఎవరూ లేరని తెలిసినా. తెల్లదుప్పటి ఒకటి నేల మీద పరిచి, బొంతని ఎత్తకుండా, ఈడ్వకుండా, నిద్రపోయే మనిషిని మంచం మార్చినట్టు దాని మీదికి జరిపింది. ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండే అయస్కాంతం తెచ్చి మిషన్ పలక మీద, కింద, చుట్టూ తిప్పింది. పలక విప్పింది, పళ్ల మధ్య దూది పేరుకుని ఉంది, కండె పెట్టే గిన్నె తీసింది, అందులోనూ దూదే. టార్చి వేసి నేల మీద పడుకుని చూసింది, పాత గుండుసూది ఒకటి దొరికింది, అయస్కాంతానికి అది టిక్కున అంటుకోగానే గుండె ఎగిరి గంతేసింది, చూస్తే గుండు ఉంది, తుప్పు పట్టి ఉంది, ఇది కాదు. కానీ ఇది ఇక్కడెందుకు ఉంది? కోడలికి కనబడి ఉంటే? సూది కోసం సోదికి పోతే పాత సంగతులు బయటపడ్డాయని సామెత, మూలలు వెతికిన కొద్దీ ఇంకేం బయటపడతాయోనని భయం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బొంత మీద అయస్కాంతం నడిపించింది, అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి. ఎక్కడా పట్టలేదు. పట్టకపోతే లేదని కాదు, ఫ్రిజ్ మీద కూరగాయల చీటీ మోసే అయస్కాంతానికి మూడు పొరల కింద నువ్వుగింజని లాగే సత్తా ఎక్కడిది?

ఇక చేతులే మిగిలాయి. మణికట్టు లోపలివైపు చర్మం పలచన, దానికి తెలుస్తుంది, అని మణికట్టుని బొంతకి ఆనించి ఒక్కో ముక్క మీదా లాగసాగింది. నీలం చారల ముక్క, అది ఎవరో గుమాస్తా చొక్కా అయి ఉండాలి, జేబు అడుగున పెన్ను కారిన మరక, మరక పడినంత మేరా కత్తిరించి పడేసింది. ఆకుపచ్చ నూలు ముక్క, అది ఆసుపత్రి కర్టెనేమో అని మొదట అనుమానించి పక్కన పెట్టింది, తర్వాత అంచులో ఏదో హోటల్ ముద్ర కనబడి ఊపిరి పీల్చుకుంది. పడవల బొమ్మలున్న ముక్క ఒక పిల్లాడి దుప్పటి, ఆ పిల్లాడు ఇప్పుడు గడ్డం గీసుకుంటూ ఉంటాడు. పాతబట్టల సంతలో మూటలమ్మే మామ మూట విప్పి చూపించడు, కట్టినది కట్టినట్టు కొనాలి, అదృష్టం బాగుంటే ఉన్ని కోట్లు, లేకపోతే తెగిపోయిన మేజోళ్లు. విప్పకుండానే పైన చెయ్యి వేసి నొక్కి లోపల ఏముందో చెప్పగలదని ఆమెకు సంతలో పేరు, బొంతలమ్మ వచ్చిందంటే మంచి మూటలు దాచెయ్యాలని మామ వేళాకోళం చేస్తాడు. నొక్కితే తెలుస్తుందే, ఉన్ని వేరు, నూలు వేరు, పట్టు వేరు, మరి ఈ మొన ఎందుకు తెలియదు? మూట ఇంటికి రాగానే ప్రతి జేబూ బయటికి తీస్తుంది, బస్సు టిక్కెట్లు, మిఠాయి కాగితాలు, ఒకసారి ఎవరిదో పాలపన్ను కాగితంలో చుట్టి, ఎంతో ముద్దుగా దాచుకున్నది, దాన్ని పారెయ్యడానికి మనసొప్పక పూలకుండీలో పాతిపెట్టింది. తర్వాత మరిగే నీళ్లు, సబ్బు, మళ్లీ మరిగే నీళ్లు, రెండు రోజుల ఎండ. గుండీలూ జిప్పులూ ముందే తీసేస్తుంది. మనుషుల్ని కడిగేస్తేనే గుడ్డ మిగులుతుంది అంటుంది తన దగ్గర నేర్చుకునే పిల్లలతో. ఇంత చేసి, ఇంత కడిగి, ఒకరి చెమట చుక్క కూడా లేకుండా చేసి, చివరికి తన చేత్తో తనే ఇనుము పెట్టింది. ఇది ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు, చెప్పుకునే పనైతే కదా. ముదురు ఎరుపు ముక్క దగ్గర మణికట్టుకి చురుక్కుమంది. ఆగింది. మళ్లీ లాగింది, లేదు. కుట్టు దారం చివర మాత్రమే, ఎండుగడ్డిలా గుచ్చుకుంది. మణికట్టంతా ఎర్రబడింది, ఇప్పుడు దానికి ప్రతిదీ సూదిలాగే తగులుతోంది.

కోడలికి ఈ పాతబట్టలంటే ముందు నుంచీ పడదు. కోడలు లేని అత్త గుణవంతురాలని ఊరికే అన్నారా అని ఆమె మొదట్లో లోపల్లోపల రుసరుసలాడుకుంది గానీ, ఆ పిల్లని అనడానికి లేదు, చేసేది నీళ్లు పరీక్షించే ల్యాబులో పని, తేటగా ఉన్న గ్లాసు నీళ్లలో మనకు కనబడనివి చూసి ఇంటికొచ్చే మనిషి. హాల్లో ఉన్ని కోట్లతో కుట్టిన దిండ్లు చూసి మెచ్చుకునేది, ఆనుకునేది కాదు. లేసు టేబుల్ గుడ్డ చుట్టిన దీపం బాగుందనేది, ముట్టుకునేది కాదు. పాత టీషర్టులు చీల్చి జడలల్లి గుండ్రంగా కుట్టిన పట్టా మీంచి కాలు ఎత్తి వేసి దాటేది. అడిగితే ఒకసారి చెప్పింది, ఎవరెవరు వేసుకున్నవో అత్తయ్యా, నాకు వాళ్లందరూ కనబడతారు అని. మరి ఎంత కడిగితే పోతారు? ఆ మాట అడగలేదు. తర్వాత ఆ రోజులు వచ్చాయి, పసివాడు రెండు గుప్పిళ్లంత ఉండి పెట్టెలో పడుకున్న రోజులు, తల్లీ తండ్రీ తప్ప లోపలికి ఎవరూ వెళ్లకూడని రోజులు. ఒక మధ్యాహ్నం కోడలు తనే ఫోన్ చేసింది. పెట్టె మీద వెలుతురు పడకుండా గుడ్డ కప్పాలట, అక్కడున్నవి పలచగా ఉన్నాయట, అత్తయ్యా, మందంగా ఒకటి కుట్టి పంపుతారా, మీ దగ్గర ఉన్నవాటితోనే, అంది. మీ దగ్గర ఉన్నవాటితోనే. ఆ మూడు మాటలూ ఆమె ఎన్నిసార్లు నెమరువేసుకుందో. ముదురు నీలం కోటు గుడ్డతో, లోపల ఫ్లానెల్‌తో కుట్టి, ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి కొడుకు చేతికిచ్చింది. దాని కింద చీకట్లో వాడు బాగా నిద్రపోతున్నాడని కబురొచ్చింది. పోయినవారం బొంతకీ ఒప్పుకుంది. ఒప్పుకుంటూ, ఆసుపత్రి సంచీలో బట్టలు సర్దుతూనే, గొంతు పెంచకుండా ఒక మాట చెప్పింది.

“బొంత కుట్టండి అత్తయ్యా, నాకూ ఇష్టమే. కానీ మీ కుట్టుగది పక్కనే వాడు పెరగాలి. ఇంట్లో ఎక్కడైనా ఒక్క సూది కనబడితే నేను మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను. కోపంతో కాదు. నాకు ఇక భయపడే ఓపిక లేదు.”

కోపంతో అని ఉంటే బాగుండేది, కోపానికి మందుంది, రెండు రోజులు మాట్లాడకపోతే తగ్గుతుంది. ఓపిక లేదన్న మాటకి ఏం చేస్తారు? కొడుకు మధ్యలో దూరి, అమ్మ జాగ్రత్త మనిషి, ఫ్యాక్టరీలో చేసింది, ఆమెకి చెప్పాలా అని వెనకేసుకొచ్చాడు. వాడి నమ్మకం ఒకటి. ఇప్పుడు ఈ సంగతి చెబితే వాళ్లు గుమ్మంలో నుంచే వెనక్కి తిరుగుతారు, రెండు ఊళ్లవతల ఉన్న వియ్యపురాలి ఇంట్లో వాడు బోర్లా పడతాడు, పాకుతాడు, నడుస్తాడు, తను ఫోన్లో చూస్తుంది, మళ్లీ అద్దం వెనకాలే. చెప్పకపోతే? చెప్పకుండా బొంత పరిస్తే? ఛీ, ఆ ఆలోచన వచ్చినందుకే తన చెంప తను వాయించుకోవాలనిపించింది. అది కాదు, చెప్పకుండా బొంత దాచేస్తే? ఇంకా పూర్తి కాలేదమ్మాయ్, అంచు మిగిలింది, నెమ్మదిగా ఇస్తాలే అంటే ఎవరు కాదంటారు? వాళ్లు నిద్రపోయాక... వద్దు, రేపు వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తీసుకుపోయి తగలబెట్టేస్తుంది, ఇంకోటి కుడుతుంది, ఈసారి చేత్తో, జీన్స్ లేకుండా. అబద్ధం కాదు, సగం నిజం. సగం సూది దొరకడమంటే ఏమీ దొరకనట్టే అన్న పెద్దమ్మ గొంతు వినబడింది, ఆమె దాని మీద తలుపు వేసేసింది.

తలుపు వేసిందే గానీ చేతులు ఊరుకోలేదు. దొరుకుతుందేమో, దొరికితే అబద్ధంతో పనే లేదు కదా, అని విరిగిన చోట అంచు విప్పి, జానెడు మేర లోపలి పొర దాకా కోసింది. లోపల పరిచినవి పాత స్వెట్టర్లు, తెల్లవీ లేత పసుపువీ మాత్రమే ఏరి పరిచింది, రంగు దిగి పసివాడి ఒంటికి అంటకూడదని. ఆ ఉన్ని పోగుల్లో వేళ్లు పెట్టి చిక్కులు తీసినట్టు వెతికింది. గడ్డివాములో సూది అంటారు, గడ్డివాము నయం, గడ్డి మీద ఎవరూ పసిపిల్లల్ని పడుకోబెట్టరు. కింద వీధిలో కారు హారను. అప్పుడే? కాదు, పాలవాళ్ల బండి. మళ్లీ హారను. కిటికీలోంచి చూస్తే కొడుకు కారు దిగి వెనక తలుపు తీస్తున్నాడు. ఎంత నెమ్మదిగా తీస్తున్నాడో, చిన్నప్పుడు పిచ్చుక గూడు చూపించడానికి తన చెయ్యి పట్టుకుని ఇలాగే తీసుకెళ్లాడు, ఆ పిచ్చుక ఏమైంది, ఎగిరిపోయిందా, పిల్లి ఎత్తుకుపోయిందా, గుర్తులేదు. బొంతని దుప్పటితో సహా చుట్టి గోనెసంచీలో కుక్కింది, స్టూలెక్కి అలమార పైన పడేసింది, బిగింపులోని పైముక్క విప్పి, నడిమి ముక్కతో పాటు చిన్న డబ్బాలో వేసి మూత పెట్టింది, అయస్కాంతం ఫ్రిజ్ మీద అంటించేసింది. గది తలుపు మూసింది. సబ్బుతో చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, ఆసుపత్రిలో కడగమన్నట్టే, స్వెట్టర్ చేతులు ముందే పైకి మడిచి ఉన్నాయి కాబట్టి తడవలేదు. అద్దంలో చూసుకుంటే తేలు కుట్టిన దొంగలా ఉంది ముఖం. నవ్వి చూసింది, ఇంకా అన్యాయంగా ఉంది. మెట్ల మీద అడుగులు.

తలుపు తీసేసరికి కోడలు ఎదురుగా ఉంది. ఇన్ని వారాల్లో ఆ పిల్ల జుట్టు ఇంత పలచబడిందా, కళ్ల కింద ఈ నలుపేమిటి, అని చూస్తూండగానే చూపు కిందికి జారి ఆ మూట దగ్గర ఆగిపోయింది. మూట కాదు, వాడే. ముఖం కనబడుతోంది, అద్దం లేదు మధ్యలో. కనురెప్పల మీద వెంట్రుకలు కూడా ఉన్నాయి, అద్దంలోంచి అవి కనబడేవి కావు. నోరు ఏదో నములుతున్నట్టు కదులుతోంది. వెనకాల కొడుకు సంచులతో మెట్లెక్కుతూ ఆయాసపడుతున్నాడు. కోడలు గడప దాటకుండా అక్కడే ఆగింది. చెప్పులు విప్పింది. ఏదో దారంతా అనుకుంటూ వచ్చినట్టుంది, గొంతు సర్దుకుంది.

“ముందు మీరు ఎత్తుకోండి అత్తయ్యా. తర్వాతే లోపలికి తీసుకెళ్దాం.”

అని రెండు చేతులూ ముందుకు పెట్టింది, వాడితో సహా. ఆమె కూడా చేతులు చాచింది. ఎన్ని వారాల నుంచి చాచాలనుకున్న చేతులు, వాటంతట అవే లేచాయి, రెండూ ముందుకి, అరచేతులు పైకి, మోచేతులు కొంచెం ఎడంగా. అలా చాచిన చేతుల్ని చూసుకుంది. ఇలా తను ఎప్పుడు నిలబడింది? ఎక్కడ? మిషన్ పక్కన. లైను ఆగిపోయి, అందరూ చూస్తుంటే, లే, చేతులు చాచు అనేది పెద్దమ్మ, అనేసి టేపు మెలితిప్పి, జిగురువైపు బయటికి పెట్టి, భుజాల మీద, రొమ్ము మీద, ఒడి మీద, తల మీద అద్ది అద్ది తీసేది. విరిగిన మొన గుడ్డలో ఉండిపోవడం తక్కువ, కుట్టే మనిషి మీదికి ఎగరడమే ఎక్కువ అనేది. కానీ తనని తను వెతుక్కున్న రోజు ఒక్కటీ లేదు, ఎవరికి వాళ్లు వెతుక్కోవడం ఫ్యాక్టరీలో కుదరదు, ఇంకొకరే వెతకాలి, మన కంటికి మనం కనబడం అనేది పెద్దమ్మ. మిషన్ వెతికింది, నేల వెతికింది, బొంత కోసి పోగుపోగూ వెతికింది. నువ్వు? నువ్వు లేచావా, చేతులు చాచావా? ఒంటి మీద ఉన్నది పాత స్వెట్టరు, అల్లిక వదులు, ఒక్కో కన్నులో ఒక్కో మొన పట్టేంత వదులు. వాడి బుగ్గ ఇప్పుడు దీనికి ఆనుకుంటుంది.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది. కోడలి చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి, ఆ ముఖంలో మొదట అర్థం కాకపోవడం, తర్వాత దెబ్బతిన్నట్టు ఏదో, అది చూడడం కన్నా భూమిలోకి పోవడం మేలనిపించింది. అమ్మా, ఏమైందే, అన్నాడు కొడుకు వెనక నుంచి. ఇప్పుడైనా ఒళ్లు బాగోలేదని అనొచ్చు, జలుబు చేసిందమ్మాయ్, వాడికి అంటుకుంటుంది అనొచ్చు, అందరూ మెచ్చుకుంటారు కూడా. స్నానం చేసి వచ్చి ఎత్తుకోవచ్చు. కానీ ఈ లోపల ఆ దిండు మీద, ఆ పట్టా మీద, తను తిరిగిన ప్రతిచోటా వాణ్ని పడుకోబెడతారు.

“సూది విరిగిందమ్మాయ్, బొంత కుడుతుంటే. మొన దొరకలేదు. నా ఒంటి మీద ఉందేమో. నన్ను ముట్టుకోనివ్వకు వాణ్ని.”

మెట్ల మీద ఎవరో పైకి వెళ్తూ పలకరించబోయి, వీళ్ల ముఖాలు చూసి దాటుకుని వెళ్లిపోయారు. బొంత ఎక్కడుందని కోడలు అడిగింది. అలమార పైన, సంచీలో, అని చెప్పింది. కోడలు ల్యాబులో గాజుపలక కింద ఏదో చూస్తున్నట్టు అత్తగారి ముఖం చూసింది.

“అంటే, చెప్పకూడదనుకున్నారా?”

“అనుకున్నాను.”

కొడుకు ఏదో సర్దిచెప్పబోయాడు, అమ్మ కంగారులో అలా అంటోంది గానీ అని. కోడలు వినిపించుకోకుండా పసివాణ్ని భర్త చేతుల్లో పెట్టి, మెట్ల దగ్గరే నిలబడమంది, లోపలికి అడుగు పెట్టొద్దంది. ఇక అయిపోయింది, వియ్యపురాలికి ఫోన్ చేస్తుంది, సంచులు కూడా దించలేదు, దించక్కర్లేదు, అనుకుంది ఆమె, అనుకుని ఆశ్చర్యంగా కొంచెం తేలికపడింది, పోతేపోయారు, వాడి బుగ్గకి ఏమీ కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయి, స్వెట్టరు గుర్తొచ్చి ఆగిపోయింది. కోడలు ఫోన్ తియ్యలేదు. సంచీలోంచి ఆసుపత్రి ప్లాస్టరు చుట్ట తీసింది. ఫ్యాక్టరీలో ఎలా వెతికేవారని అడిగింది. ఆమె చెప్పింది, జిగురువైపు బయటికి పెట్టి అరచేతికి చుట్టుకోవాలి, రుద్దకూడదు, అద్ది తియ్యాలి, పై నుంచి కిందికి. చెప్పి, గడప దగ్గర, పట్టపగలు, ఇరుగుపొరుగు తలుపుల మధ్య చేతులు చాచి నిలబడింది.

కోడలు తల దగ్గర మొదలుపెట్టింది. పాపిట మీద అద్దింది, చెవుల వెనక, మెడ మీద. పెళ్లై ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో ఈ పిల్ల తనని ముట్టుకున్నది ఎన్నిసార్లు? పండో పళ్లెమో అందుకునేటప్పుడు వేళ్లు తగలడం తప్ప. ఇప్పుడు భుజాల మీద, వెన్ను మీద, నడుం మీద అద్దుతూ, ప్రతిసారీ ప్లాస్టరు వెలుతురుకి పెట్టి చూస్తోంది, దారపు పోగులు, దూది, ఒక తెల్లవెంట్రుక, ఏమీ లేదు. ప్లాస్టరు మార్చింది. ఆమె ఊపిరి కూడా పైపైనే పీలుస్తోంది, గట్టిగా పీలిస్తే ఎక్కడున్నది ఎక్కడికి జారుతుందోనని. కుడిచెయ్యి, భుజం నుంచి మణికట్టు దాకా. ఎడమచెయ్యి. స్వెట్టరు చేతి మడత దగ్గర కోడలు ఆగింది. మడత విప్పకుండా, దాని అంచు మీద ఒకసారి అద్దింది, లోపలివైపు ఇంకోసారి. తీసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ప్లాస్టరుని ఆమె ముందుకు పెట్టింది. తెల్లటి జిగురు మీద, ఉన్ని పోగుల మధ్య, సన్నగా, పదునుగా, నల్లని మెరుపు. ఎడమ మోచేతి మడత. ఏ తల్లి ఎత్తుకున్నా పసిపిల్లల తల ఆనేది అక్కడే.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. డబ్బా, కొత్త సూదులు ఎక్కడున్నాయో, ముక్కలు ఎలా సరిచూడాలో చెబితే కోడలే వెళ్లి తెచ్చింది, మూడు ముక్కలూ ప్లాస్టరు మీద వరసగా పేర్చింది, పక్కన కొత్త సూది పెట్టింది. అలవాటు లేని పనైనా ఆ పిల్ల వేళ్లు తడబడలేదు. సరిపోయాయి అంది. గోడకి ఆనుకుని చెప్పుల బల్ల మీద కూలబడింది. ఆమె మాత్రం చాచిన చేతులు ఇంకా దించలేదు, దించమని ఎవరూ చెప్పలేదు మరి.

“రోజూ ఇలా వెతికేవాళ్లా?” అంది కోడలు, తల ఎత్తకుండా.

“సూది విరిగినప్పుడే.”

“ఇక్కడ రోజూ. పని అయ్యాక ఆ గదిలోంచి రాగానే ఇలా నిలబడాలి మీరు. నేను వెతుకుతాను.”

రోజూ అంటే రేపు కూడా అని, రేపటి తర్వాత కూడా అని, ఆమెకు ఒక్కో అర్థం ఒక్కోసారిగా తెలిసింది. తలూపింది. స్నానం చేసింది, తలతో సహా, బట్టలన్నీ విప్పి వేడినీళ్ల బకెట్లో పడేసి, కోడలు అందించిన కొత్త నైటీ వేసుకుని వచ్చింది, తడి జుట్టుతో మళ్లీ చేతులు చాచింది, మళ్లీ వెతికించుకుంది. అప్పుడు వాణ్ని ఇచ్చింది కోడలు. బరువే లేడు. బరువు లేదు గానీ వేడి ఉంది, ఇంత చిన్న ఒంట్లో ఇంత వేడి ఎక్కడిదో. తల వచ్చి మోచేతి మడతలో సర్దుకుంది, నోరు ఇంకా నములుతూనే ఉంది. ఆమె ఊపిరి బిగబట్టే ఉంది, ఏదో గుచ్చుకుంటోందని, ఏమీ గుచ్చుకోవడం లేదని, గుచ్చుకుంటోందని. కోడలు స్టూలెక్కి గోనెసంచీ దించింది, దుప్పటి విప్పి, కోసిన మూల చూసింది, వేలు పెట్టి కదిపింది. కుర్చీలో కూర్చుంటుందేమో అనుకుంటే, హాల్లో దిండ్లున్న సోఫా మీద ఆ బొంతని మడిచి పెట్టి, దాని మీద చెంప ఆనించి, ఒక్క నిమిషం అత్తయ్యా, ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటాను, అంది. ఆ మాట పూర్తి కాకముందే నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. కొడుకు సంచులు తీసుకుని లోపలికి వస్తూ ఏదో అడగబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. కుర్చీ పక్కనే ఉంది. కూర్చుంటే అది కిర్రుమంటుందని తెలుసు, అందుకని నిలబడే ఉంది.